ఆఫీసులో ఆయుధపూజ, ఈసారి హారతి పళ్ళెం నా చేతికిస్తున్నారు. ఏం చేయాలి?

మల్లెతీగ:

అందరికీ వందనాలు. ఈ విషయం ఇంట్లో అడిగితే గొడవ, చర్చి సంఘంలో అడిగితే ఆదివారంకల్లా అందరి నోళ్ళలో ఉంటుంది, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నాకు 26 ఏళ్ళు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, తాతల నాటి నుంచి లూథరన్ సంఘం. విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, చేరి మూడేళ్ళు దాటింది. ఓనర్ గారు మంచివారు. మా నాన్నకి స్టెంట్ వేసినప్పుడు అడగకుండానే 40 వేలు అడ్వాన్స్ ఇచ్చి, జీతంలో నెలకి రెండు వేలే పట్టుకున్నారు. ఆఫీసులో నేనొక్కదాన్నే క్రిస్టియన్. క్రిస్మస్‌కి కేకు తీసుకెళ్తే అందరూ తింటారు, డ్రైవర్లు కూడా లోపలికి వచ్చి "హ్యాపీ క్రిస్మస్ అమ్మా" అని చెప్పి మరీ వెళ్తారు.

ఇబ్బందంతా దసరాకే. ఆయుధపూజ రోజు యార్డులో లారీలన్నీ కడిగి, అరటి పిలకలు కట్టి, బానెట్ల మీద పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. లోపల కంప్యూటర్లు, బిల్లు పుస్తకాలు, క్యాష్ పెట్టె, అన్నిటికీ బొట్లు. మొదటి సంవత్సరం నేను అందరి వెనకాల నిలబడ్డాను, ఎవరూ పట్టించుకోలేదు. రెండో సంవత్సరం జ్వరం అని ఫోన్ చేసి వెళ్ళలేదు. పోయినసారి కూడా జ్వరమే. ఈసారి నన్ను సీనియర్ చేశారు. మొన్న ఓనర్ గారి భార్య, మేడం, నా టేబుల్ దగ్గరికొచ్చి "ఈసారి క్యాష్ పెట్టెకి పూజ నీ చేతుల మీదుగానే జరగాలి, లెక్కలన్నీ నువ్వే కదా చూసేది, నువ్వొచ్చాక మాకు కలిసొచ్చింది" అన్నారు. చీర కూడా పెడతానన్నారు. ఎంతో ప్రేమగా అన్న మాట అది, పంతంతో అన్నది కాదు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వే ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వడం లేదు, ఎందుకంటే ఆవిడ దాన్ని సరే అనే అనుకుని ఉంటారు.

మా పాస్టర్ గారు విగ్రహాలకు పెట్టినది ముట్టుకున్నవాళ్ళకి ప్రభువు బల్లలో, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారంలో, భాగం లేదంటారు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేసే మా పెదనాన్న కొడుకేమో "దేవుడు మనసు చూస్తాడమ్మా, పళ్ళెం పట్టుకుంటే ఏం పోతుంది, ఇంట్లో పరిస్థితి తెలిసి కూడా ఉద్యోగం మీదికి తెచ్చుకుంటావా" అంటాడు. మళ్ళీ జ్వరం అని చెప్పనా? చెప్పి వెళ్ళనంటే వాళ్ళ మనసు కష్టపెట్టినట్టు కాదా?

మిగతా విషయాల్లో ఆఫీసులో నాకే ఇబ్బందీ లేదు. ఆదివారం సెలవు. రోడ్డు మీద ఇచ్చే మామూళ్ళ కోసం హమాలీ వోచర్లు కొన్ని ఎక్కువ రాయాల్సి వస్తుంది, అది అన్ని ట్రాన్స్‌పోర్టుల్లోనూ ఉన్నదే. నా బాధ ఈ పూజ దగ్గరే. ఇలాంటివి దాటి వచ్చినవాళ్ళు దయచేసి చెప్పండి.


ఉప్పుకల్లు:

సిస్టర్, ప్రైజ్ ద లార్డ్. సూటిగా చెప్తున్నాను, కఠినంగా ఉంటే క్షమించండి. పళ్ళెం పట్టుకోకూడదు. బైబిల్లో బబులోను రాజు బంగారు విగ్రహం నిలబెట్టినప్పుడు షద్రకు, మేషాకు, అబేద్నెగో అనే ముగ్గురు యూదుల్ని ఎవరూ మనస్ఫూర్తిగా నమ్మమని అడగలేదు, వాయిద్యాలు మోగినప్పుడు ఒక్కసారి వంగమన్నారంతే. "దేవుడు మనసు చూస్తాడు" అనే మాట వాళ్ళకీ దొరికేది. దేవుడు రక్షిస్తాడు, ఒకవేళ రక్షించకపోయినా సరే మొక్కం అని రాజు ముందే చెప్పారు. ఆ రెండో సగమే నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది, ఎందుకంటే ఉద్యోగం నిలబడుతుందన్న హామీ మనకెవరూ ఇవ్వలేదు.

నేను కాకినాడలో ఒక షిప్పింగ్ ఆఫీసులో చేసేటప్పుడు ఇలాంటి రోజే వచ్చింది. మొదటి ఏడాది మొహమాటానికి కొబ్బరికాయ కొట్టాను. రెండో ఏడాది నన్ను ఎవరూ అడగను కూడా అడగలేదు, "మనవాడే కదా, కొడతాడు" అని పేరు రాసేసుకున్నారు. ఒకసారి ఒప్పుకుంటే తర్వాత కాదనడం పది రెట్లు కష్టం. ఆ ఏడాది కాదన్నాను, నాలుగు నెలలు ముభావంగా ఉన్నారు, తర్వాత మామూలే. మొదట్లోనే చెప్పేయండి.


నైట్‌డ్యూటీ:

మల్లెతీగ చెల్లీ, నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని, పదకొండేళ్ళ సర్వీసు. పైన బ్రదర్ చెప్పినదానితో నేను ఒప్పుకుంటాను, పూజ చేయడం వేరు, అక్కడ ఉండడం వేరు. కానీ నీ పోస్టులో నన్ను పట్టేసింది పళ్ళెం కాదు, జ్వరం.

ఎందుకంటే నేనూ అదే చేశాను. మా వార్డులో ఒక పిల్లాడు ఇరవై రోజులకి పైగా వెంటిలేటర్ మీద ఉన్నాడు. వాళ్ళమ్మ తిరుపతి వెళ్ళొచ్చి స్టాఫ్ అందరికీ లడ్డు పంచింది. నా దగ్గరికి వచ్చేసరికి నేను "నాకు షుగర్ అమ్మా" అన్నాను. నాకు షుగర్ లేదు. సాయంత్రం నేను టీలో రెండు చెంచాల పంచదార వేసుకుంటుంటే ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి చూసింది. ఏమీ అనలేదు. ఆ మొహం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంటుంది. విగ్రహానికి పెట్టినది తినకుండా ఉండడానికి నేను అబద్ధం ఆడాను, ఒక ఆజ్ఞ కాపాడుకోవడానికి ఇంకో ఆజ్ఞ విరగ్గొట్టాను, పైగా కొడుకు చావు బతుకుల్లో ఉన్న తల్లిని చిన్నబుచ్చాను.

ఆ రాత్రి డ్యూటీలో బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదో అధ్యాయం నిదానంగా చదివాను. పౌలు అక్కడ మూడు మాటలు చెప్తాడు: అంగడిలో అమ్మేదాన్ని గుచ్చి గుచ్చి అడక్కుండా తినండి, అవిశ్వాసి భోజనానికి పిలిస్తే వెళ్ళి పెట్టింది తినండి, కానీ ఎవరైనా "ఇది అర్పించినది" అని చెప్తే మాత్రం ఆ చెప్పినవాడి కోసం తినకండి. అంటే పదార్థంలో విషం లేదు. అవతలి మనిషి దాన్ని ఏమనుకుని ఇస్తున్నాడు, నేను తీసుకుంటే ఏమనుకుంటాడు, అదీ లెక్క. పౌలు చూపు ఎప్పుడూ ఎదుటి మనిషి మీదే ఉంది, నా చూపు నా చేతుల మీద ఉంది.

మర్నాడు వెళ్ళి నిజం చెప్పాను. "అమ్మా, నాకు షుగర్ లేదు, నేను క్రిస్టియన్‌ని, ప్రసాదంగా తీసుకోలేను, నిన్న చెప్పడానికి మొహమాటపడి అబద్ధం ఆడాను." ఆవిడ కాసేపు నన్ను చూసి, నా చేయి పట్టుకుని "అయితే మీ దేవుడికి మావాడి సంగతి చెప్పు తల్లీ" అంది. చెప్పాను. రోజూ పేరు పెట్టి చెప్పాను.

కాబట్టి మేడం గారితో ముందే, పూజకి వారం ముందే, ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడు. పూజ రోజు అందరి ముందూ కాదనకు, అది ఆవిడకి అవమానం. వాట్సాప్‌లో అసలే వద్దు.


పక్కసీటు:

నేను హిందువుని, ఇక్కడ మాట్లాడొచ్చో లేదో తెలియదు, తప్పయితే చెప్పండి. అవతలి వైపు నుంచి ఇది ఎలా కనపడుతుందో చెప్తే పనికొస్తుందేమో అని రాస్తున్నాను.

మాది గుంటూరులో మిర్చి వ్యాపారం, నాన్నగారి కాలం నుంచి యార్డులో కొట్టు ఉంది. మా దగ్గర ఇద్దరు క్రైస్తవ గుమస్తాలు పనిచేశారు, వేర్వేరు సంవత్సరాల్లో. మొదటాయన పూజ అనగానే మాయమైపోయేవాడు. ఎక్కడికి వెళ్ళాడో ఎవరికీ తెలిసేది కాదు, హారతి అయ్యాక వచ్చి తల వంచుకుని కూర్చునేవాడు. మా అమ్మ "మనింటి తిండి అసహ్యమేమో" అని బాధపడేది. ఆయన మనసులో అది లేదని ఇప్పుడు అర్థమవుతోంది, కానీ చెప్పకపోతే మాకెలా తెలుస్తుంది? రెండో ఆయన చేరిన మొదటి దసరాకే మా నాన్నతో "బొట్టు పెట్టను, కొబ్బరికాయ కొట్టను, మిగతా పని ఏదైనా చెప్పండి" అన్నాడు. పూజ రోజు తెల్లారి ఐదింటికే వచ్చి కొట్టు కడిగేవాడు, కాటా పళ్ళాలు చింతపండుతో తోమేవాడు, వచ్చినవాళ్ళకి కుర్చీలు వేసేవాడు, హారతి సమయానికి గుమ్మం బయట నిలబడి చెప్పులు చూసేవాడు. ఎవరికీ ఏ బాధా కలగలేదు. అసలు సంగతి ఇంకోటి. తూకం దగ్గర మా నాన్న అతన్నే కూర్చోబెట్టేవాడు. కాటా మీద అతనుంటే రైతులు ఎదురుమాట అనేవారు కాదు, టిక్కీకి, అంటే మిర్చి బస్తాకి, కిలో తరుగు అదీ ఇదీ అనే పేచీ ఉండేది కాదు. "వాడి దేవుడెవరో గానీ వాడి చేతిలో ముల్లు వంగదు" అనేవాడు నాన్న.

ప్రతి ఫిబ్రవరిలో మా అమ్మ గుణదల కొండెక్కి మేరీమాతకి కొబ్బరికాయ కొట్టి వస్తుంది, నేనే తీసుకెళ్తాను. మాకు అది తప్పనిపించదు, మీకు మా గుడి దగ్గర తప్పనిపిస్తుంది. తేడా ఉంది, ఉండనివ్వండి. మాతో చెప్పండి చాలు.


పాతలెక్కలు:

వందనాలు. నాకు 68 ఏళ్ళు, ఒంగోలు, సహకార సంఘాల ఆడిట్‌లో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. మా చర్చి సంఘంలో పెద్దగా కూడా ఉన్నాను. మిర్చి కొట్టు బాబు రాసింది రెండుసార్లు చదివాను. బాబూ, నువ్వు రాసినందుకు సంతోషం.

అమ్మా మల్లెతీగా, పూజ గురించి నర్సు అమ్మాయి చెప్పింది సరైన మాట, నేను కలిపేదేమీ లేదు. సిరియా సేనాధిపతి నయమాను సంగతి మాత్రం ఒకసారి చదువు, రెండో రాజుల గ్రంథం ఐదో అధ్యాయం. యజమాని రిమ్మోను గుడికి వెళ్ళి నా చేతి మీద ఆనుకున్నప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, దీన్ని యెహోవా క్షమించాలి అని ముందే అడిగాడు. ప్రవక్త ఎలీషా అతన్ని కేకలేయలేదు, సుఖంగా వెళ్ళమన్నాడు. దీన్ని నువ్వు పళ్ళెం పట్టుకోవడానికి సాకుగా తీసుకోకు, నయమాను తన మొక్కు ఎవరికో అందరికీ తెలిసేలా చెప్పుకున్నాడు, దాచలేదు. నీలా తప్పించుకోలేని చోట నిలబడ్డవాళ్ళు ముందూ ఉన్నారు, దేవుడికి ఆ ఇరుకు తెలుసు అని చెప్పడానికే ఈ మాట.

నేను రాయాలనుకున్నది వేరే. నీ పోస్టులో పళ్ళెం గురించి మూడు పేరాలు ఉన్నాయి, హమాలీ వోచర్ల గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. అదీ "ఏ ఇబ్బందీ లేదు" అన్న మాట వెంటే. ముప్పై ఏళ్ళు వోచర్లు చూసినవాణ్ణి, నా కన్ను అక్కడే ఆగింది.

ఆ వోచర్లు ఎందుకు రాయిస్తారో నీకు తెలిసే ఉంటుంది. రోడ్డు మీద ఇచ్చిన లంచాన్ని ఖర్చుగా చూపించడానికి చట్టం ఒప్పుకోదు. నగదు ఖర్చు ఒక మనిషికి ఒక రోజులో 10 వేలు దాటినా ఒప్పుకోదు, లారీ కిరాయిలకైతే 35 వేల దాకా. అందుకని ఆ డబ్బుని చిన్న చిన్న ముక్కలు చేసి, రాని హమాలీలు వచ్చినట్టు, మోయని బస్తాలు మోసినట్టు రాస్తారు. ఎనిమిది మంది వస్తే పదకొండు మంది. ఇవన్నీ నేను ఆడిట్‌లో రోజూ చూసిన సంగతులే. నేను అడిగేది ఒక్కటే. ఆ మిగతా ముగ్గురి పేర్ల ఎదురుగా వేలిముద్ర ఎవరు వేస్తున్నారమ్మా?

బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సుంకరులు వచ్చి మేమేం చేయాలి అని అడిగితే, ఆ ఉద్యోగం మానేయండి అనలేదు ఆయన. రోమా వాళ్ళ కింద పన్నులు వసూలు చేసే పని అది, పరిశుద్ధమైన పనేమీ కాదు. నిర్ణయించినదానికి మించి తీసుకోకండి అన్నాడు, అంతే. సైనికులకి కూడా జీతంతో తృప్తి పడమన్నాడు. మారుమనస్సు అంటే ఏంటో చెప్పమంటే ఆయన చూపించింది లెక్కల పుస్తకాన్ని. పరాయి రాజు కొలువులో పనిచేసిన దానియేలు సంగతీ అంతే. శత్రువులు అతని మీద తప్పు పట్టుకోవాలని రాజ్యం పనిలో వెతికితే ఏమీ దొరకలేదు, దొరకలేదు కాబట్టే ప్రార్థన మీద చట్టం తెచ్చారు. ముందు లెక్క సరిగ్గా ఉంది, ఆ తర్వాతే సింహాల గుహ వచ్చింది.

మా ఒంగోలు సంగతి ఒకటి చెప్తాను, పాతకాలం ముచ్చట అనుకోకుండా విను. 1866లో జాన్ క్లవ్ అనే అమెరికన్ బాప్టిస్టు దొర ఇక్కడికి వచ్చాడు. నమ్ముకున్న మాదిగలకి ఆయన పెట్టినవి మూడే నియమాలు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. రాయడానికి చిన్నవే, కానీ ఊళ్ళో జాతరకి డప్పు కొట్టేది వీళ్ళే, మోటకి తోలు పని చేసేది వీళ్ళే. మా ముత్తాత జాతరకి డప్పు కొట్టనన్నందుకు ఊరి పెద్దలు దెబ్బలు కొట్టించారని, పని ఇవ్వడం మానేశారని మా నాయనమ్మ చెప్పేది. కాబట్టి పూజ దగ్గర కాదనడం ఎంత ఖరీదైనదో మా ఇంటికి తెలుసు, దాన్ని నేను చిన్న విషయం అనడం లేదు.

తర్వాత 1876లో పెద్ద కరువు వచ్చింది, రెండేళ్ళు. క్లవ్ దొరకి సర్వే పని తెలుసు, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు తీసుకున్నాడు. వేల మందికి అక్కడ కూలి దొరికింది, సాయంత్రానికి చేతిలో డబ్బులు పడ్డాయి. ఆ కాలువ గట్టు మీదే చాలామంది మొదటిసారి సువార్త విన్నారు. బాప్తిస్మం ఇవ్వండి అని అడిగారు. ఆయన ఇవ్వలేదు! కరువు ఉన్నంతకాలం, సాయం పంచుతున్నంతకాలం, ఒక్కరికీ ఇవ్వలేదు, తిండి కోసం కలిసేవాళ్ళెవరో నిజంగా నమ్మినవాళ్ళెవరో తేలాలని. కరువు తగ్గి సాయం ఆగిపోయాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ముంచింది మన తెలుగు బోధకులే. లెక్క ఎక్కువ చూపించుకోవాలంటే కరువులోనే చూపించుకోవచ్చు, మిషన్ వాళ్ళు సంతోషించేవాళ్ళు. ఆయన చూపించలేదు. నాకు ఆ 2,222 కన్నా, అంతకుముందు రాయకుండా వదిలేసిన నెలలంటే ఎక్కువ గౌరవం.

ఇప్పుడు నీ పని. మామూళ్ళు ఇవ్వొద్దని ఓనర్‌ని ఒక్కరోజులో మార్చడం నీ చేతిలో లేదు, 2018లో చట్టం మార్చాక ఇచ్చినవాడిదీ నేరమేనని మాత్రం ఆయనకి తెలియాలి. నీ చేతిలో ఉన్నది నీ చేతిరాత. నేను దొంగ పేర్లు రాయలేను, ఆ డబ్బు మీరు పట్టుకెళ్ళారు కాబట్టి మీ సొంత వాడకం కింద డ్రాయింగ్స్‌లో రాస్తాను అని చెప్పొచ్చు. అప్పుడు ఆ డబ్బు మీద ఆయన పన్ను కడతాడు, ఆయనకి అది నచ్చదు. లంచం లంచమే, దాన్ని కడిగేశానని నేను అనడం లేదు. కానీ రాని మనుషుల పేరుతో నువ్వు సంతకం పెట్టవు. పూజ గురించి చెప్పడం కన్నా ఈ మాట చెప్పడం కష్టం, నాకు తెలుసు. 40 వేలు అడ్వాన్స్ ఇచ్చిన మనిషికి చెప్పడం ఇంకా కష్టం.


రెండుపేర్లు:

పెద్దాయనా, మీరు లెక్క, సంతకం అన్నారు కాబట్టి అడుగుతున్నాను. నేను గ్రూప్-2కి చదువుతున్నాను, కోచింగ్ హైదరాబాద్‌లో. చర్చిలో నా పేరు వేరు, టెన్త్ సర్టిఫికెట్‌లో పేరు వేరు. బాప్తిస్మం తీసుకున్నాను, పాటలు పాడతాను, యూత్‌లో సెక్రటరీని. కుల ధ్రువీకరణలో ఎస్సీ, హిందూ. మా ఊళ్ళో నలభై ఇళ్ళు ఇలాగే ఉన్నాయి. మల్లెతీగ అక్క ఓనర్ దగ్గర క్రిస్టియన్‌ని అని చెప్పగలదు, నేను నా అప్లికేషన్‌లో చెప్పలేను.

1950 ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు, క్రైస్తవులకి ఇవ్వలేదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకి బీసీ-సీ అనే వెనకబడిన తరగతి కోటా ఉంది, ఒక్క శాతం. చర్చికి వెళ్ళినంత మాత్రాన ఊరి బావి దగ్గర, అద్దె ఇంటి దగ్గర మమ్మల్ని చూసే చూపేమీ మారలేదు, మారని చూపుకి మారిన సర్టిఫికెట్ ఏంటి అని నా కోపం. కానీ ప్రభువు బల్ల దగ్గర చేయి చాపినప్పుడు నేనూ దొంగ వోచరేనా అనిపిస్తుంది. దీనికి ఎవరి దగ్గరా సమాధానం దొరకలేదు. మా పాస్టర్ గారు ఈ మాటెత్తితే టాపిక్ మార్చేస్తారు, ఆయన కొడుకుదీ ఇదే సర్టిఫికెట్.


పాతలెక్కలు:

బాబూ, నువ్వు అడిగింది చాలా పెద్ద ప్రశ్న, రాత్రంతా కూర్చున్నాను. ఆ ఉత్తర్వు అన్యాయమని నేనూ నమ్ముతాను, దాని మీద సుప్రీంకోర్టులో ఏళ్ళ తరబడి వాదన నడుస్తోంది, కేంద్రం 2022లో కమిషన్ కూడా వేసింది. అన్యాయమైన చట్టం వేరు, దొంగ కాగితం వేరు అని నేను తేలిగ్గా అనేయగలను, కానీ నాకు ఉద్యోగం వచ్చింది కూడా అలాంటి కాగితంతోనే. ఈ మాట నేను ఎవరితోనూ చెప్పలేదు. అందుకే నిన్ను తీర్పు తీర్చే అర్హత నాకు లేదు.

దానియేలుకి కూడా రెండు పేర్లున్నాయి. బెల్తెషాజరు అని అక్కడి దేవుడి పేరు కలిసే పేరు పెట్టారు, అతను ఆ పేరుతోనే కొలువులో పనిచేశాడు, కల్దీయుల చదువూ చదివాడు. గీత గీసుకున్నది రాజు భోజనం దగ్గర. పేరు దగ్గర గీయలేదు, ఎందుకో అక్కడ రాయలేదు. కానీ ఆ పేరు అతను అడిగి తెచ్చుకున్నది కాదు. మనది మనం దరఖాస్తు పెట్టుకుని తెచ్చుకున్నది. ఈ రెండిటి మధ్య నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. బీసీ-సీ కింద రాసిన మా చెల్లెలి కొడుకు ఉన్నాడు, ఐదేళ్ళు ఆలస్యంగా వచ్చింది ఉద్యోగం, ఇప్పుడు పంచాయతీ సెక్రటరీ. నీకు ఇష్టమైతే అతనితో మాట్లాడిస్తాను.


ఉప్పుకల్లు:

పెద్దాయన గారూ, మీరు ఇలా దాచకుండా చెప్పడం చూసి నేను రాసినదాని మీద నాకే ఆలోచన వచ్చింది. కొబ్బరికాయ కాదన్న సంగతి పదేళ్ళ నుంచి చర్చిలో సాక్ష్యంగా చెప్తున్నాను. అదే షిప్పింగ్ ఆఫీసులో ఓవర్‌టైం షీట్లు ఎలా రాసేవాణ్ణో ఎప్పుడూ చెప్పలేదు.


మల్లెతీగ:

అందరికీ థాంక్స్. వారం పట్టింది తిరిగి రాయడానికి.

ముందు పెద్దాయన గారు అడిగినదానికి. వేలిముద్ర నేనే వేస్తున్నాను అంకుల్. ఎడమ చేతి బొటనవేలు. ముద్రలన్నీ ఒకేలా కనపడకుండా కొన్ని పక్కకి తిప్పి, కొన్ని పలచగా వేయమని పాత అకౌంటెంట్ నేర్పించి వెళ్ళారు. శనివారం సాయంత్రాలు వారం వోచర్లన్నీ కలిపి వేస్తాను. స్టాంప్ ప్యాడ్ సిరా సబ్బుతో తొందరగా పోదు, గోరు పక్కన నీలంగా ఉండిపోతుంది. ఆదివారం ప్రభువు బల్లకి మోకరించినప్పుడు ఆ వేలు లోపలికి మడుచుకునేదాన్ని, ఎవరైనా చూస్తే బాగుండదని. పళ్ళెం పట్టుకుంటే బల్లకి అర్హత ఉండదేమో అని ఏడ్చాను గానీ, మూడేళ్ళుగా ఆ వేలితోనే రొట్టె అందుకుంటున్నానని మీరు అడిగేదాకా తట్టలేదు. చదివాక చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

మేడంతో బుధవారం మాట్లాడాను, వాళ్ళింటికి వెళ్ళి. జ్వరం సంగతి కూడా చెప్పేశాను, రెండుసార్లూ అబద్ధమని. ఆవిడ ముందు కొంచెం నొచ్చుకున్నారు, "మూడేళ్ళు మాతో ఉండి ఈ మాట చెప్పడానికి భయపడ్డావా" అన్నారు. తర్వాత కాఫీ ఇచ్చి "సరే, కొబ్బరికాయలు నేను కొట్టుకుంటా, లారీకి ఒకటి చొప్పున లెక్కపెట్టి తెప్పించే పని నీది, పోయినసారి నాలుగు తక్కువొచ్చాయి" అన్నారు. చీర మాత్రం తీసుకోవాల్సిందేనన్నారు, పూజకి కాదు, నాకని. తీసుకున్నాను. ఆ రోజు ఐదింటికే వెళ్ళి యార్డు కడిగించే పని కూడా నేనే అడిగి తీసుకున్నాను. పక్కసీటు గారూ, అది మీ గుమస్తా గారి దగ్గర నేర్చుకున్నదే.

ఓనర్ గారితో శనివారం. గొంతు ఎండిపోయింది, ఎలా చెప్పానో నాకే గుర్తులేదు. ఎంతమంది వస్తే అంతమందికే రాస్తాను సార్, మిగతాది డ్రాయింగ్స్‌లో వేస్తాను అన్నాను. "నీకెవరు చెప్పారివన్నీ, ఆడిటర్ ఒప్పుకోవాలి కదా" అని గట్టిగానే అన్నారు. అడ్వాన్స్ సంగతి ఎత్తుతారనుకున్నాను, ఎత్తలేదు. "సోమవారం చూద్దాం" అని ఫోన్ తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. నాకు ఇంకా టెన్షన్‌గానే ఉంది. ఇంట్లో నాన్నకి చెప్పలేదు, అమ్మకి చెప్పాను. అమ్మ ఏడవలేదు ఈసారి, బాకీ ఇంకా ఎంతుందని అడిగింది. 6 వేలు.

ఆ సాయంత్రం తొమ్మిది మంది వచ్చారు బస్తాలు దించడానికి. తొమ్మిది వోచర్లు రాశాను. ఎవరి వోచరు మీద వాళ్ళనే వేలిముద్ర వేయమంటే హమాలీ మేస్త్రీ ఆశ్చర్యపోయి, "ఇన్నాళ్ళూ అడగలేదేంటమ్మా" అంటూ తుండుగుడ్డతో చేతులు తుడుచుకుని వేశాడు.

రెండుపేర్లు తమ్ముడూ, నీ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నీ కోసం ప్రార్థిస్తున్నాను, ఏ పేరుతో ప్రార్థించాలో చెప్పు.


రెండుపేర్లు:

చర్చి పేరుతోనే అక్కా. మెసేజ్‌లో పంపిస్తాను. పెద్దాయనా, ఆ పంచాయతీ సెక్రటరీ అన్నయ్యతో మాట్లాడతాను, నంబరు కూడా మెసేజ్‌లోనే పంపండి.